స్థానిక పత్రికలకు, గ్రామ రేడియోలకు ప్రభుత్వ సహాయము



మీ వరిచేలో సుడిదోమ కనిపించినదనుకొనుడు. ప్రక్క గ్రామములో కూడ కనిపించినదా? ఏ రకముపై ఎక్కువగా ఉన్నది? మీ ప్రాంతపు వ్యవసాయాధికారి ఏమి సలహా ఇచ్చినారు? మీ కాలువకు నీరు ఏ రోజున వదలుదురు? ఈ ప్రశ్నలకు సమాధానము రెండు మూడు రోజులలో మీకు అందవలెను. పది రోజులు గడచిన తరువాత అందిన సమాధానము ఎండిన చేనికి పెట్టిన నీటివంటిది.

రాజధానిలో అచ్చగు పెద్ద పత్రికకు మీ ఊరి కాలువ సంగతి చిన్నది. దేశమంతటికి వినిపించు రేడియోకు మీ మండలములోని దోమ సంగతి మరింత చిన్నది. మీకు మాత్రము ఆ సంవత్సరపు పంట అంతయు దానిమీదనే ఆధారపడియున్నది. ఈ వెలితిని తీర్చునవి స్థానిక పత్రిక, గ్రామ రేడియో. ఇవి తమంత తాము నిలబడుట కష్టము కనుక ప్రభుత్వము వీనికి కొంత సహాయము చేయుచున్నది. ఆ సహాయము ఏ రూపములలో వచ్చును, దానివలన మేలెట్లు కలుగును, కీడెట్లు కలుగవచ్చును, మీరు చేయవలసినదేమి అను విషయములను ఈ వ్యాసములో తెలిసికొందము.

స్థానిక వార్త యొక్క విలువ

ఇప్పుడు చాలమంది చేతిలో సెల్‌ఫోను ఉన్నది. అందులో లేని వార్త లేదని కొందరనుకొందురు. కాని ఫోనులో వచ్చిన మాటను మొదట ఎవరు చెప్పినారో, అది మన నేలకు వర్తించునో లేదో తెలియదు. ఏదో రాష్ట్రములో నల్లరేగడికి చెప్పిన మందు మోతాదును మన చల్కా నేలలో వాడి నష్టపోయిన తరువాత అడుగుటకు మనిషి దొరకడు. స్థానిక పత్రిక సంపాదకుడు మన సంతలో కనిపించును. గ్రామ రేడియోలో మాట్లాడిన అక్క మన బావి దగ్గరకే నీళ్ళకు వచ్చును. తప్పు చెప్పినచో నిలదీయవచ్చును. ఈ జవాబుదారీతనమే స్థానిక వార్తకు ప్రాణము.

తెలుగునాట ఈ సంప్రదాయము క్రొత్తది కాదు. కృష్ణాపత్రిక 1902లో బందరులో వెలువడినది. జమీందారీ ఏలుబడిలోని రైతుల కష్టములను వెల్లడించుటకు నెల్లూరు నుండి జమీన్ రైతు వారపత్రిక నడచినది. ఇవి పెద్ద నగరముల నుండి వచ్చినవి కావు. జిల్లా కేంద్రములలో పుట్టి ఆ ప్రాంతపు జనుల బాధలను ఎరిగి వ్రాసినవి.

ఖర్చు ఎవరు భరింతురు?

పత్రిక నడుపుటకు కాగితము, సిరా, అచ్చుకూలి, పంపిణీ ఖర్చు కావలెను. చందాదారు ఇచ్చు సొమ్ము ఇందులో కొంత భాగమునకే సరిపోవును. మిగిలినది ప్రకటనల వలన రావలెను. ప్రకటన ఇచ్చు వ్యాపారి ఎక్కువమంది కొనుగోలుదారులు ఎక్కడ ఉందురో అక్కడకు పోవును. రెండువేల ప్రతులు అమ్ముడగు పత్రిక ఎంత నిజాయితీగా నడచినను, ఎరువుల దుకాణము, బట్టల కొట్టు తప్ప దానికి ప్రకటన ఇచ్చువారుండరు. రేడియోకు కూడ ఇదే చిక్కు. ట్రాన్స్‌మిటరు, మైకులు, కరెంటు బిల్లు, మరమ్మతులు, పనిచేయువారి జీతములు ఊరు చిన్నదైనంత మాత్రమున తగ్గవు.

ఊరి చెరువు సంగతి ఆలోచింపుడు. దానిని లాభము కొరకు త్రవ్వించు వ్యాపారి లేడు. అది లేనిదే ఊరు బ్రతుకదు. అందుచేత ఊరివారి శ్రమ, సర్కారు సొమ్ము కలిసి చెరువులను నిలిపినవి. స్థానిక వార్తాసాధనములు కూడ ఈ కోవకు చెందినవే.

సహాయము ఎన్ని విధములు?

1. అనుమతి: రేడియో ప్రసారమునకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. చాలకాలము ఈ హక్కు ప్రభుత్వము చేతిలోనే ఉండెడిది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పినది. ఆకాశములోని ప్రసార తరంగములు ప్రజల ఆస్తి అనియు, వానిని ప్రజాహితము కొరకు వినియోగింపవలెననియు దాని సారాంశము. 2002 డిసెంబరులో విద్యాసంస్థలకు సామాజిక రేడియో నడుపుటకు అవకాశము కల్పించినారు. 2006 నవంబరులో లాభాపేక్షలేని సంస్థలకు, కృషి విజ్ఞాన కేంద్రములకు, వ్యవసాయ విశ్వవిద్యాలయములకు కూడ ఆ అవకాశమును విస్తరింపజేసినారు. 2024 నాటికి దేశములో ఇట్టి కేంద్రముల సంఖ్య 480 దాటినది.

2. ప్రకటనలు: పత్రికలను ప్రతుల సంఖ్యను బట్టి ప్రభుత్వము మూడు తరగతులుగా విభజించినది. 25,000 ప్రతుల వరకు అమ్ముడగునది చిన్న పత్రిక. 75,000 వరకు మధ్యతరహా పత్రిక. అంతకు మించినచో పెద్ద పత్రిక. టెండరు నోటీసులు, పథకముల వివరములు ప్రకటనల రూపమున ఇచ్చినప్పుడు పత్రికకు ఆదాయము, పాఠకునకు సమాచారము రెండును లభించును. సామాజిక రేడియోలు 2006లో గంటకు 5 నిమిషములే ప్రకటనలు వేయవలసియుండెను. తరువాత దానిని 7 నిమిషములకు, 2024లో 12 నిమిషములకు పెంచినారు. అదే సంవత్సరము ప్రభుత్వ ప్రకటనల ధరను 10 సెకండ్లకు 52 రూపాయల నుండి 74 రూపాయలకు హెచ్చించినారు.

3. గ్రాంట్లు: సమాచార ప్రసార మంత్రిత్వశాఖ సామాజిక రేడియోల పరికరముల ఖర్చులో కొంత భాగమును ఇచ్చు పథకమును నడిపినది. వ్యవసాయ మంత్రిత్వశాఖ ఆత్మా పథకము ద్వారా వ్యవసాయ ప్రసారములకు, కేంద్రముల స్థాపనకు సహాయము పొందు వీలు కల్పించినది.

4. ప్రభుత్వమే నడుపు సాధనములు: ఆకాశవాణి మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనవి. 1966లో కొన్ని కేంద్రములలో వ్యవసాయ ప్రసారములకు ప్రత్యేక విభాగములను నెలకొల్పినారు. ఆ దశాబ్దములో తంజావూరు జిల్లాలో ఎ.డి.టి.-27 అను వరి రకము రేడియో ప్రచారము వలన ఎంత త్వరగా వ్యాపించినదనగా, రైతులు దానిని 'రేడియో వడ్లు' అనియే పిలిచినారు. మీరు చదువుచున్న ఈ పత్రిక కూడ ప్రభుత్వ వ్యయముతో వెలువడునదే. ఇట్టి సాధనములు ప్రభుత్వము చెప్పదలచినది రైతుకు చేర్చును. రైతు చెప్పదలచినది ప్రభుత్వమునకు చేర్చుటకు వేరొక దారి కూడ కావలెను.

పుణే నేర్పిన పాఠము

ఆ దారి ఎట్లుండునో పరీక్షించిన ప్రయోగము ఒకటి 1956లో నాటి బొంబాయి రాష్ట్రములో పుణే పరిసరములలో జరిగినది. ఆకాశవాణి యునెస్కో సహాయముతో దీనిని చేపట్టినది. కెనడాలో 1941 నుండి నడచిన రైతు రేడియో సంఘములు దీనికి ఆదర్శము. అయిదు జిల్లాలలో 150 గ్రామములను ఎన్నుకొని, ఒక్కొక్క ఊరిలో పదిహేను ఇరువదిమంది గల శ్రోతల సంఘమును ఏర్పాటు చేసినారు. వారమునకు రెండు పర్యాయములు, అరగంట చొప్పున, మొత్తము 20 కార్యక్రమములు ప్రసారమైనవి. సభ్యులు కలిసి విని, వెంటనే చర్చించి, చేయదగినదానిని నిర్ణయించెడివారు. కన్వీనరు వారి ప్రశ్నలను వ్రాసి కేంద్రమునకు పంపెడివాడు. తరువాతి కార్యక్రమములో వానికి జవాబులు వచ్చెడివి.

ఈ ఫలితములను టాటా సాంఘికశాస్త్ర సంస్థ పరిశీలించినది. సంఘములున్న గ్రామములను, రేడియో ఉండియు సంఘము లేని గ్రామములను, రేడియోయే లేని గ్రామములను పోల్చి చూచినారు. సంఘములున్న గ్రామములలో జనుల విజ్ఞానము స్పష్టముగా పెరిగినది. ఉత్త రేడియో పెట్టె ఉన్న గ్రామములలో పెరుగుదల చాల స్వల్పము. అనగా ప్రభుత్వము కొనియిచ్చిన పెట్టెకన్న, దానిచుట్టు కూర్చున్న మనుషుల చర్చయే ఎక్కువ పని చేసినదన్నమాట.

1959లో ఈ సంఘములను దేశమంతట విస్తరింపజేసినారు. సంఖ్య వేలకు పెరిగినది. కాని పుణేలో చూపిన శ్రద్ధ అంతట కొనసాగలేదు. చెడిపోయిన సెట్టును బాగుచేయువారు లేక, పంపిన ప్రశ్నలకు జవాబులు రాక, అనేక సంఘములు కాగితముపైననే మిగిలినవి. విత్తనము మంచిదైనను కలుపుతీయనిచో పంట రాదు కదా!

మాచునూరు మహిళల రేడియో

ఇక మన తెలుగునాటి ఉదాహరణము. నేటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదుకు చేరువగా మాచునూరు అను గ్రామమున్నది. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళా సంఘములవారు రేడియో నడుపుటకు పూనుకొన్నారు. వారిలో చాలమంది దళిత కుటుంబములకు చెందిన చిన్న రైతులు, కూలిపని చేయువారు. 1998 ప్రాంతములో యునెస్కో సహాయముతో పరికరములు సమకూరినవి. కాని అనుమతి లేదు. అయినను వారు ఊరకుండలేదు. జొన్న, కొర్ర, సామ మున్నగు చిరుధాన్యముల సాగు గురించి, విత్తనము దాచు పద్ధతి గురించి, చేలలో తమంత తాము మొలచు ఆకుకూరల గురించి, పాటల గురించి రికార్డు చేసి, ఆ టేపులను సంఘముల సమావేశములలో వినిపించుచు వచ్చినారు. ఇట్లు పదేండ్లు గడచినవి.

2006 నాటి విధానము తరువాత వారికి అనుమతి లభించినది. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్‌పై సంగం రేడియో ప్రసారము ప్రారంభమైనది. ప్రభుత్వేతర సంస్థ ఆధ్వర్యమున దేశములో అనుమతి పొందిన సామాజిక రేడియోలలో ఇదియే మొదటిది. దానిని ప్రారంభించినవారు 1995 నాటి తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్.

ఇందు గమనింపదగిన సంగతి ఒకటి కలదు. ఆ మహిళలకు మొట్టమొదట కావలసినది ప్రభుత్వపు సొమ్ము కాదు, మాట్లాడుటకు అనుమతి. చెప్పవలసిన విషయము, చెప్పు భాష, వినువారు అన్నియు వారికి ముందే ఉన్నవి. వారి నోట వచ్చునది జహీరాబాదు పల్లెల తెలుగు. పొలములో చేయి తిరిగిన మనిషి తన భాషలో చెప్పిన మాటను వినువారు సులభముగా నమ్ముదురు.

సహాయము పగ్గముగా మారినచో

నీరు ఎక్కువైనను పైరుకు కీడే. సహాయము విషయములో జరిగిన పొరపాట్లను కూడ మనము తెలిసికొనవలెను.

పెద్ద పత్రికలు తక్కువ ధరకు ఎక్కువ పుటలు ఇచ్చి చిన్న పత్రికలను దెబ్బతీయుచున్నవని 1950లలో ప్రభుత్వము భావించినది. అందుచేత 1956లో ఒక చట్టము, 1960లో ఒక ఉత్తర్వు తెచ్చి, ధరను బట్టి పుటల సంఖ్య నిర్ణయించినది. ఉద్దేశము మంచిదే. కాని పుణేలో వెలువడు సకాల్ అను మరాఠీ దినపత్రిక ఆ ఉత్తర్వు ప్రకారము ధర పెంచవలెను, లేదా పుటలు తగ్గించుకొనవలెను. ధర పెంచినచో పాఠకులు తగ్గుదురు. పుటలు తగ్గించినచో వార్తలు తగ్గును. 1961లో సుప్రీంకోర్టు ఆ చట్టము, ఉత్తర్వు వాక్స్వాతంత్ర్యమునకు విరుద్ధమని కొట్టివేసినది. ఒకరికి సహాయము చేయుటకై మరియొకరి నోరు కట్టరాదని దీని తాత్పర్యము.

రెండవది ఇంతకన్న గట్టి దెబ్బ. 1975–77 అత్యవసర పరిస్థితిలో పత్రికలను అనుకూలమైనవి, తటస్థమైనవి, వ్యతిరేకమైనవి అని విభజించి, ప్రభుత్వ ప్రకటనలను దానినిబట్టి పంచినట్లు 1977లో ప్రభుత్వమే ప్రచురించిన శ్వేతపత్రము వెల్లడించినది. ప్రజల సొమ్ముతో ఇచ్చు ప్రకటన అప్పుడు పొగడినవారికి బహుమానముగా, ప్రశ్నించినవారికి శిక్షగా మారినది. కాలువ చివరి రైతు మాట వినలేదని మదుము మూసినట్లే ఇది కూడ.

మూడవది రేడియోలకు సంబంధించినది. సామాజిక రేడియోలు ప్రసార తరంగములకు ఏటా రుసుము చెల్లించవలెను. 2012లో ఈ రుసుమును 19,700 రూపాయల నుండి 91,000 రూపాయలకు పెంచినారు. చిన్న కేంద్రములకు ఇది మోయలేని బరువు. దేశమంతట నిరసన రాగా పెంపును ఉపసంహరించినారు. ఒక్క ఉత్తర్వుతో ఎన్నో కేంద్రములు మూతపడగల స్థితి అప్పుడు బయటపడినది.

ఎట్టి సహాయము మేలు?

పై అనుభవములనుబట్టి కొన్ని నియమములు తేలుచున్నవి.

మొదటిది, సహాయము ముందుగా ప్రకటించిన కొలత ప్రకారము ఉండవలెను. వంతుల ప్రకారము నీరు వచ్చినప్పుడు రైతు ఎవరికిని దండము పెట్టనక్కరలేదు. ప్రతుల సంఖ్య, క్రమము తప్పని ప్రచురణ, స్థానిక విషయములకిచ్చిన చోటు వంటివి కొలతలు కావచ్చును. సంపాదకీయములో వ్రాసినది కొలత కారాదు.

రెండవది, సహాయము ఇచ్చినదెవరికి, ఎంత అను వివరము అందరికిని తెలియవలెను. దాచిన లెక్కలోనే పక్షపాతము పెరుగును.

మూడవది, ప్రభుత్వ ప్రకటనలో ప్రజలకు పనికివచ్చు సమాచారముండవలెను. 2015లో సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రకటనలు పార్టీల ప్రచారమునకు ఉపయోగపడరాదని మార్గదర్శకములు ఇచ్చినది. విత్తన సబ్సిడీ చివరి తేదీ లేక నాయకుని నిలువెత్తు బొమ్మ మాత్రమే గల ప్రకటన రైతుకు ఏ పనికి వచ్చును?

నాలుగవది, ఏ పత్రికయు, ఏ రేడియోయు ఒక్క చేతిపైననే ఆధారపడరాదు. వర్షము, బావి, చెరువు మూడును గల రైతు కరవును తట్టుకొనును. అట్లే చందాలు, స్థానిక ప్రకటనలు, ప్రభుత్వ సహాయము మూడును గల పత్రిక ఏ ఒక్కటి తగ్గినను నిలుచును.

మీరు చేయదగినవి

మీ ప్రాంతములో సామాజిక రేడియో స్థాపింపదలచినచో ఈ సంగతులు గుర్తుంచుకొనుడు. ఒక వ్యక్తి పేరనుగాని, రాజకీయపక్షము పేరనుగాని, లాభము కొరకు నడచు సంస్థ పేరనుగాని అనుమతి రాదు. కనీసము మూడు సంవత్సరములు పనిచేసిన లాభాపేక్షలేని రిజిస్టరు సంస్థ, విద్యాసంస్థ, కృషి విజ్ఞాన కేంద్రము దరఖాస్తు చేయవచ్చును. దరఖాస్తును కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖకు పంపవలెను. ప్రసారశక్తి సాధారణముగా 100 వాట్లు. ఇది పది పదిహేను కిలోమీటర్ల మేర వినిపించును. కార్యక్రమములలో కనీసము సగము స్థానికముగా తయారైనవై ఉండవలెను.

సామాజిక రేడియో తన సొంత వార్తలు ప్రసారము చేయుటకు వీలులేదు. ఆకాశవాణి వార్తలను యథాతథముగా వినిపించవచ్చును. వాతావరణము, నీరు, కరెంటు గురించిన ప్రకటనలు, ప్రకృతి వైపరీత్యముల హెచ్చరికలు చెప్పవచ్చును. కనుక కాలువకు నీరు వచ్చు తేదీని రేడియో చెప్పగలదు. చెప్పిన తేదీకి నీరు ఎందుకు రాలేదో విచారించి వ్రాయుటకు స్థానిక పత్రికయే కావలెను. రెండింటిలో ఒకటి ఉన్నది కదా అని రెండవదానిని వదులుకొనరాదు.

రేడియో స్థాపించుట అందరివలన కాదు. కాని క్రింది పనులు ఎవరైనను చేయవచ్చును.

• మీ ప్రాంతపు పత్రికకు చందా కట్టుడు. గ్రంథాలయమునకు గాని, సహకార సంఘమునకు గాని ఒక ప్రతి తెప్పింపుడు.

• పదిమంది కలిసి రేడియో వ్యవసాయ కార్యక్రమము విని, తరువాత అరగంట చర్చింపుడు. సందేహములను ఉత్తరము ద్వారాగాని, ఫోను ద్వారాగాని కేంద్రమునకు తెలుపుడు. పుణే రైతులు చేసినది ఇదియే.

• మీ పొలములో చూచినదానిని పత్రికకు వ్రాయుడు. రకము, విత్తిన తేదీ, వేసిన ఎరువు, వచ్చిన దిగుబడి స్పష్టముగా తెలుపుడు. నష్టము వచ్చినను దాచవద్దు. ఒకరి నష్టము పదిమందికి హెచ్చరిక.

• వచ్చిన వార్త తప్పైనచో ఆ సంగతి సంపాదకునకు తెలియజేయుడు. తప్పు దిద్దుకొనని పత్రికకు చందా కట్టనక్కరలేదు.

• ఇంటిలోని స్త్రీలను మాట్లాడనిండు. విత్తనము దాచుట, పశువుల మేపు, ఆకుకూరల గుర్తింపు వంటి విషయములలో వారి అనుభవమునకు సాటిలేదని మాచునూరు చూపినది.

ప్రభుత్వము కాలువ త్రవ్వించగలదు. మదుము తెరిపించగలదు. ఆ నీటిని తన చేనికి మలుపుకొని, గట్లు వేసుకొని, పంట పండించుకొనవలసినవాడు రైతే. పత్రిక, రేడియో విషయమున కూడ అంతే. సహాయమును హక్కుగా అడుగుడు. వచ్చిన సహాయమునకు లెక్క అడుగుడు. ఆపైన ఈ వారమే మీ ఊరి సంగతి ఒకటి నాలుగు పంక్తులలో వ్రాసి మీ ప్రాంతపు పత్రికకు పంపుడు. సుడిదోమ వచ్చిన సంగతి మొదట చూచినవారు మీరే కదా!